హాలులో తెర ఎవరిది?

కొత్త టీవీ కొందామనుకున్నవారు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని అంగుళాలది?" అని. రెండోది "ఏ కంపెనీది?" మూడోది "ఎంతకొస్తుంది?" మూడూ అవసరమైన ప్రశ్నలే. కాని వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని దాదాపు ఎవరూ అడగరు. ఆ తెర ముందు రోజులో అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేది ఎవరు?

మన ఇళ్ళలో దీనికి జవాబు వెతకనక్కరలేదు. పిల్లలు చూడదలచినవి ఫోనులో చూసుకుంటారు. ఉద్యోగాలు చేసేవారికి రాత్రి భోజనాల వేళ ఓ గంట తీరిక దొరికితే గొప్ప. పొద్దున్నే భక్తి కార్యక్రమంతో మొదలుపెట్టి, వార్తలు, మధ్యాహ్నం ఓ పాత సినిమా, సాయంత్రం ధారావాహికలు, పడుకోబోయే ముందు మళ్ళీ వార్తలు, ఇలా రోజంతా దానితో గడిపేది ఇంట్లోని పెద్దవాళ్ళే. వారికది వినోదం మాత్రమే కాదు, ఇంట్లో ఒక మనిషి అలికిడి. అయినా టీవీ ఎంపిక చేసేటప్పుడు వారి మాట చెల్లదు. "కొత్త మోడళ్ళ సంగతి మీకేం తెలుస్తుంది నాన్నా, మేం చూసుకుంటాం" అంటాము. చివరికి ముప్ఫయ్యేళ్ళ కళ్ళకు నచ్చిన వస్తువు డెబ్బయ్యేళ్ళ కళ్ళ ముందు గోడకెక్కుతుంది.

నా వాదన ఇంతే. హాలులో పెట్టే టీవీని దాని ముందు ఎక్కువసేపు కూర్చునేవారి కళ్ళకూ, చెవులకూ, చేతివేళ్ళకూ సరిపోయేటట్టు కొనాలి. అలా కొన్నది మిగిలినవారికీ సరిపోతుంది. దీన్ని తిప్పి చేస్తే మాత్రం సరిపోదు.

పాత పెట్టెను తలచుకుంటే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. హైదరాబాదులో ఈసీఐఎల్ వారు తయారుచేసిన ఈసీ టీవీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటువంటి పెట్టెలకు స్పీకరు సాధారణంగా ముందువైపే, చూసేవారి మొహానికి ఎదురుగా ఉండేది. పెట్టడానికీ, ఆపడానికీ, శబ్దం పెంచడానికీ మరలు ఉండేవి. చానలు మార్చే పనే పెద్దగా లేదు. బొమ్మ చిన్నదే, 1982కు ముందు రంగులు కూడా లేవు. కాని ఆ పెట్టెను వాడడానికి మనుమడి సాయం అడగవలసిన అవసరం ఏ తాతగారికీ కలగలేదు. బల్లపరుపు తెరలు వచ్చాక మనకు దక్కినవి చాలా ఉన్నాయి, కాదనను. ఆ సంబరంలో పోయినవాటిని మనం లెక్క వేసుకోలేదు.

మొదట కళ్ళ సంగతి చూద్దాం.

దుకాణంలో టీవీ కనిపించే తీరుకూ ఇంట్లో కనిపించే తీరుకూ పొంతన ఉండదు. అక్కడ వరుసగా నిలబెట్టిన పాతిక తెరలలో మన చూపు ఏది లాగితే అదే మంచిదనిపిస్తుంది. ఆ సంగతి అమ్మేవారికి తెలుసు కనుక రంగులనూ వెలుగునూ మితిమీరి పెంచే అమరికలో పెడతారు. చిలకల గుంపూ, నీలి సముద్రమూ, బాణసంచా తిరుగుతుంటాయి. మన ఇంట్లో నడిచేది వార్తలూ ధారావాహికలూను. కాబట్టి దుకాణంలో అడగవలసిన మొదటి ఉపకారం, "ఆ చిలకలను ఆపి ఒక తెలుగు వార్తల చానలు పెట్టండి" అని. రెండోది, అమరికను మామూలు స్థాయికి తెమ్మని. ఇందుకు ఒప్పుకోని దుకాణం నుంచి బయటికి నడవడం మేలు.

వయసు పైబడ్డ కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, కంటిపాప కుంచించుకుంటుంది. ఇరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ళ కంటికి చేరేది సుమారు మూడోవంతే. దానికి శుక్లాలు తోడైతే ఎదుటి వెలుగు కంట్లోనే చెదిరి బొమ్మ మీద పొరలా పరుచుకుంటుంది. అందువలన పెద్దవారికి కావలసినవి రెండు. తెరకు తగినంత వెలుగు ఉండాలి, తెర మీద కిటికీ ప్రతిబింబం పడకూడదు. వెలుగును నిట్స్ అనే కొలతలో చెబుతారు. చవక రకాలలో అది 250, 300 దగ్గర ఆగిపోతుంది. పగలు కిటికీలు తెరిచి ఉంచే మన హాళ్ళకు 400, 500 దాకా ఉంటే నయం. ప్రతిబింబం సంగతి మాత్రం డబ్బుతో తీరేది కాదు, బుద్ధితో తీరేది. కిటికీకి ఎదురుగోడ మీద కాక పక్కగోడ మీద తెరను పెడితే సగం బాధ తప్పుతుంది. అది కుదరకపోతే అద్దంలా మెరవని తెరను ఎంచుకోవాలి. దుకాణంలో టీవీని కట్టించి, నల్లటి తెర ముందు నిలబడండి. మీ మొహం ఎంత స్పష్టంగా కనిపిస్తే ఇంట్లో కిటికీ అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడే ఓఎల్ఈడీ గురించి ఒక మాట. చీకటి గదిలో సినిమా చూడడానికి దాన్ని మించినది లేదు, నలుపు నిజంగా నలుపుగానే ఉంటుంది. కాని అందులో ప్రతి చుక్కా తనంత తాను వెలిగేది, వాడిన కొద్దీ అరిగేది. ఒకే బొమ్మ ఒకే చోట ఏళ్ళ తరబడి వెలిగితే ఆ మచ్చ నిలిచిపోయే ప్రమాదం ఉంది. మన వార్తల చానళ్ళను చూడండి. మూలన చానలు ముద్ర, కింద ఎర్రటి పట్టీ, దాని కింద మరో పట్టీ! రోజుకు ఎనిమిది గంటలు వార్తలు నడిచే హాలుకు ఆ ఖరీదైన తెర తగినది కాదు. ఎల్ఈడీ అని పిలిచే మామూలు రకం చాలు. నిజానికది వెనకనుంచి ఎల్ఈడీ దీపాలు వేసిన ఎల్‌సీడీయే. అందులోనూ రెండు జాతులు. ఒకటి ఎదురుగా చూస్తే నలుపు గాఢంగా ఉండి, పక్కనుంచి చూస్తే వెలిసిపోతుంది. రెండోదానిలో నలుపు కాస్త తక్కువైనా పక్కనుంచి కూడా రంగు మారదు. దివాను కాటు పక్కగోడకు వేసి ఉండి, పెద్దవారు అక్కడే నడుము వాల్చే అలవాటుంటే రెండోది కొనాలి. దీన్ని తెలుసుకోవడానికి సాంకేతిక విద్య అక్కరలేదు, దుకాణంలో నాలుగడుగులు పక్కకు జరిగి చూస్తే సరి.

ఇక అంగుళాల లెక్క. మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్న సామెత టీవీకి బాగా వర్తిస్తుంది. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా విడదీసి చూడగలదు. ఈ లెక్కన పూర్తి హెచ్‌డీ, అంటే 1920 అడ్డంగా, 1080 నిలువుగా చుక్కలున్న బొమ్మలో చుక్కలు 43 అంగుళాల తెర మీద సుమారు ఐదున్నర అడుగులు దాటితే విడిగా కనిపించవు. 55 అంగుళాలకు ఏడడుగులు, 65కు ఎనిమిదిన్నర. మన హాలులో సోఫాకూ గోడకూ మధ్య పదడుగులుంటే 4కే బొమ్మలోని అదనపు చుక్కలు ఆరోగ్యవంతమైన కంటికి కూడా ఆనవు. ఇక కళ్ళజోడు వెనకనున్న కంటి మాట చెప్పనే అక్కరలేదు. ఈనాడు 43 అంగుళాలు, ఆపైన వచ్చేవి చాలావరకు 4కేవే కనుక ఎలాగూ అదే కొంటాం. దాని కోసం ప్రత్యేకంగా ఆరాటపడనవసరం లేదని మాత్రమే నా మనవి. 8కే అన్న మాట వినిపిస్తే నవ్వి ఊరుకోవచ్చు.

అసలు చిక్కు మరోవైపు ఉంది. కేబులులోనో డిష్షులోనో మామూలు రకంగా వచ్చే చానలులో నిలువున 576 గీతలే ఉంటాయి. ఈ బొమ్మ గరుకుదనం పదడుగుల దూరంలో 43 అంగుళాల తెర మీద ఇంచుమించు కనబడకుండా పోతుంది. అదే 55 అంగుళాల మీద కనబడకుండా ఉండాలంటే పదమూడు అడుగులు వెనక్కి జరగాలి. జరగడానికి వెనక గోడ ఉంటుంది. "ఇంత పెట్టి కొన్నాం, పాత టీవీలోనే బొమ్మ బాగుండేది" అని పెద్దవారు అంటే అది ఛాదస్తం కాదు, కచ్చితమైన పరిశీలన. మన లిపికి ఈ బాధ ఇంకా ఎక్కువ. దకూ ధకూ, చకూ ఛకూ మధ్య తేడా ఒక చిన్న గీత. ఒత్తులన్నీ అడుగున ఇరుకు చోటులో సర్దుకునేవి. పట్టీలో పరుగెత్తే అక్షరాలు మసకబారితే మొదట పోయేవి ఆ గీతలూ ఆ ఒత్తులే.

అలాగని చిన్న తెరే మేలని చెప్పను. చూపు తగ్గినవారికి పెద్ద అక్షరం పెద్ద సాయం. కాబట్టి సూత్రం ఇది. పదడుగుల హాలులో మామూలు చానళ్ళే చూస్తామంటే 43 చాలు. 55 కొంటే రోజూ చూసే చానళ్ళకు హెచ్‌డీ చందా కూడా కట్టాలి. పెద్ద తెర కొని పాత చందాతో నడపడం పట్టుచీర కొని మాసిన రవికెతో కట్టుకోవడం వంటిది.

పాత సినిమాల ప్రస్తావన వచ్చింది కనుక మరో మాట. 1957 నాటి నలుపు తెలుపు 'మాయాబజార్' బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. ఇప్పటి తెరలు అంతకన్నా వెడల్పు. తెర నిండాలన్న ఆశతో బొమ్మను పక్కలకు సాగదీసే అమరిక పెట్టి, సావిత్రిగారి మొహాన్ని గుమ్మడికాయంత చేసి చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పక్కన నల్ల అంచులు ఉంటే ఉండనివ్వండి. సాగదీయకుండా చూపే అమరిక ప్రతి టీవీలోనూ ఉంటుంది.

గోడకు ఎంత ఎత్తున బిగించాలన్నది కూడా ఎంపికలో భాగమే. చాలా ఇళ్ళలో దాన్ని దేవుడి పటం ఎత్తున పెట్టేస్తారు. తెర నడిమి భాగం కూర్చున్నవారి కంటి ఎత్తున ఉండాలి. సోఫాలో కూర్చునేవారికి అది నేల నుండి సుమారు మూడున్నర అడుగులు. రెండు రకాల చూపుకు కలిపిచ్చిన కళ్ళజోడులో పైభాగం దూరానికి, కిందిభాగం చదువుకు. పడక కుర్చీలో వెనక్కి వాలినవారు జోడు కిందిభాగంలోనుంచి తెరను చూడవలసివస్తే బొమ్మ మసకే. తెరను పైకెక్కించి ఆ మసకను తప్పిస్తే మెడనొప్పి మొదలవుతుంది. గోడకు రంధ్రాలు వేయించే ముందు ఆ పెద్దమనిషిని ఆయన కుర్చీలో ఆయన కూర్చునే తీరులోనే కూర్చోబెట్టి, కొలత తీయించండి.

ఇప్పుడు చెవులు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరిగింది.

తెర పలచబడ్డ కొద్దీ స్పీకరుకు చోటు పోయింది. ఇప్పుడది చాలా టీవీలలో అడుగునో వెనకనో ఉండి, గోడతోనో బల్లతోనో మాట్లాడుతుంది. మనకు వినిపించేది అక్కడ తగిలి వచ్చిన శబ్దం. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ సమానంగా తగ్గించదు. హెచ్చు స్థాయి శబ్దాలు ముందు పోతాయి. మాటలో అచ్చులు తగ్గు స్థాయిలో బలంగా ఉంటాయి. స, శ, త, క వంటి హల్లుల గుర్తింపు చాలావరకు హెచ్చు స్థాయి శబ్దాల మీదే ఆధారపడుతుంది. అందుకే పెద్దవారు "వినిపిస్తోంది కానీ ఏమంటున్నాడో తెలియడం లేదు" అంటారు. మనం శబ్దం పెంచుతాం. అచ్చులు పెరుగుతాయి, నేపథ్య సంగీతం పెరుగుతుంది, హల్లులు మాత్రం ఎక్కడివక్కడే. పుండొకచోట, మందొకచోట. పక్కగదిలో చదువుకునే పిల్ల విసుక్కుంటుంది, కోడలు మొహం ముడుచుకుంటుంది, పెద్దాయన చిన్నబుచ్చుకుని శబ్దం తగ్గించి, అర్థం కాని బొమ్మలను చూస్తూ కూర్చుంటారు. ఇంగ్లీషు చిత్రాలకు కింద అక్షరాలుంటాయి. తెలుగు చానళ్ళలో తెలుగు మాటలకు తెలుగు అక్షరాలు వేసే అలవాటు మనకు లేదు గనుక, చెవి తప్పితే మరో దారి కూడా లేదు.

దీనికి విరుగుడు అంత ఖరీదైనదేమీ కాదు. తెర కింద, మనిషికి ఎదురుగా పెట్టే సౌండుబారు ఒకటి, మాటలను స్పష్టం చేసే అమరిక ఉన్నది తీసుకుంటే పెద్ద తేడా కనిపిస్తుంది. గుండెలదిరించే డబ్బా దానితో రాకపోయినా ఫరవాలేదు, పైగా రాకపోవడమే మేలు. దాన్ని హెచ్‌డీఎమ్ఐ ఏఆర్‌సీ అన్న చోట కలిపితే టీవీ రిమోటుతోనే శబ్దం మారుతుంది, మరో రిమోటు బెడద ఉండదు. తీగలేని హెడ్‌ఫోను వాడదలిస్తే కొనేముందు ఒక సంగతి కనుక్కోవాలి. హెడ్‌ఫోను పెట్టినప్పుడు టీవీ స్పీకరు కూడా మోగుతుందా, మూగబోతుందా? రెండూ ఒకేసారి పనిచేసే టీవీ అయితే పెద్దాయన తనకు కావలసినంత శబ్దంతో వింటారు, మిగిలినవారు మామూలుగా వింటారు. ఇంట్లో అందరూ కలిసి కూర్చోవడం ఇంత చిన్న సంగతి మీద ఆధారపడి ఉంటుంది.

2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. తగ్గిన సొమ్ముతో మరో పది అంగుళాలు పెంచుకుందామనే ఆలోచన సహజమే. ఆ సొమ్మును ధ్వనికి వెచ్చించండని నా సలహా.

చివరగా వేళ్ళు. ఈనాటి టీవీ పెట్టగానే చానలు రాదు, అంగడి వస్తుంది. పది రకాల బొమ్మల వరుసలు, ప్రకటనలు, "నవీకరించమంటారా?" అన్న ప్రశ్నలు. పొరపాటున ఒక మీట నొక్కితే చానలు మాయం. ఇక సాయంత్రం కొడుకో మనుమరాలో ఇంటికొచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. అది చూసి నవ్వుకునే ముందు, రోజంతా ఒంటరిగా ఆ నల్లటి తెర ఎదుట కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. అందుచేత కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. పెట్టగానే కిందటిసారి చూసిన చానలుకే వెళ్ళే సదుపాయం ఉందా? డిష్షు పెట్టెనూ టీవీనీ ఒకే రిమోటుతో నడపవచ్చా? మీటల మీద అంకెలున్నాయా? అంకెలు లేని సన్నటి రిమోటు మేజా మీద అందంగా ఉంటుంది, చేతిలో కాదు. తెలివైన టీవీల తెలివి మన మీద కూడా ప్రయోగమవుతుందని మరవవద్దు. చూసేవారికి చెప్పకుండా వారు చూసేవాటి వివరాలు సేకరించినందుకు 2017లో అమెరికాలో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించుకుంది. మొదటిరోజు అడిగే అంగీకారాలలో అనవసరమైనవాటికి "వద్దు" అని చెప్పే బాధ్యత ఇంట్లో చదువుకున్న పిల్లలదే.

విదేశాలలో ఉన్న మిత్రులకు ఒక ప్రత్యేకమైన మనవి. బెజవాడలోనో కాకినాడలోనో ఉన్న అమ్మానాన్నలకు అక్కడినుంచే అంతర్జాలంలో టీవీ కొని పంపించడం ఇప్పుడు మామూలు. అది ప్రేమే, సందేహం లేదు. కాని మీరు చదివే సమీక్షలలో చాలావరకు చీకటి గదిలో సినిమా చూసేవారినీ, ఆటలాడే కుర్రవాళ్ళనూ దృష్టిలో ఉంచుకుని రాసినవి. ట్యూబులైటు వెలుగులో, తలుపులు బార్లా తీసిన హాలులో, పంకా చప్పుడు మధ్య వార్తలు చూసే డెబ్బయ్యేళ్ళ మనిషి ఆ సమీక్షకులకు తెలియడు. మీకు తెలుసు. కొనేముందు ఒకసారి వీడియోలో హాలంతా చూపించమనండి. కిటికీ ఎటుందో, కుర్చీ ఎక్కడుందో, దూరం ఎంతో చూడండి. "ఇప్పుడున్నదానిలో ఇబ్బందేమిటి నాన్నా?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. "ఏదో ఒకటిలే" అన్నది జవాబు కాదు, మీకు ఖర్చు పెట్టించకూడదన్న మొహమాటం.

కుర్రకారు ఆక్షేపణ నాకు తెలుసు. డబ్బు పెట్టేది మేము, క్రికెట్టూ కొత్త సినిమాలూ మాకూ ఉన్నాయి, అన్నీ ముసలివారి కోసమేనా, అని. నిజమే. కాని పైన చెప్పినవాటిలో వయసు మళ్ళినవారికి మేలు చేసి కుర్రవారికి కీడు చేసేది ఏముంది? తగినంత వెలుగున్న తెర, సరైన ఎత్తు, స్పష్టమైన మాట, తికమక పెట్టని రిమోటు. క్రికెట్టు వీటితో ఇంకా బాగుంటుందే తప్ప చెడదు. ఒక్క చీకటి గది సినిమాలోనే కాస్త రాజీ పడాలి. ఆ రాజీ నెలకు రెండు రాత్రులది, అవతలివారి సౌకర్యం మాత్రం ప్రతిరోజుదీ.

త్రీడీ టీవీలంటూ ఊదరగొట్టిన కంపెనీలు 2017 నాటికి వాటిని పక్కన పెట్టేశాయి. వంపు తిరిగిన తెరల మోజూ అలాగే చల్లారింది. ప్లాస్మా 2014తోనే దాదాపు ముగిసింది. ఇప్పుడు ఊరిస్తున్న అక్షరాలు కూడా కొన్నేళ్ళకు అదే దారి పడతాయి. మారనిది కుర్చీలో కూర్చున్న మనిషి. అందువలన దుకాణానికి వెళ్ళేటప్పుడు హాలు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఓపిక ఉంటే ఆ పెద్దవారిని కూడా తీసుకువెళ్ళి, ఒక కుర్చీ వేయించి, పదడుగుల దూరంలో కూర్చోబెట్టి, రిమోటు వారి చేతికివ్వండి. వార్తలు చదివే అమ్మాయి మాట వారికి తెలిసిందో లేదో, కింద పరుగెత్తే పట్టీ చదవగలిగారో లేదో అడగండి. వారు అవునన్న టీవీయే మీ హాలుకు సరైన టీవీ.